ఎవరూ చూడని ఫిట్స్: సంరక్షకుల వల్ల కలిగిన అనారోగ్యంపై ఒక కేస్ స్టడీ

నాలుగున్నరేళ్ల బాబుకు రెండేళ్లకు పైగా లేని జబ్బుకు వైద్యం జరిగింది. అందులో కొంత నా చేతుల మీదుగానే జరిగింది. పిల్లల వైద్యురాలిగా ఈ కేసును రాస్తున్నది అందుకే. బాబును గానీ, కుటుంబాన్ని గానీ ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, బంధుత్వాలు, కాలక్రమం, స్థలాలకు సంబంధించిన వివరాలను మార్చాను. ఏ దశలో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో అర్థం కావడానికి అవసరమైనంత వైద్య సమాచారాన్ని మాత్రమే ఉంచాను.

నేపథ్యం

బాబుకు ఏడాదిన్నర వయసులో జ్వరంతో ఒకసారి ఫిట్స్ వచ్చింది. అది నిజమైన ఫిట్స్. దగ్గరలోని ఆసుపత్రిలో డాక్టరు కళ్లారా చూశారు, రెండు నిమిషాల్లో ఆగిపోయింది. జ్వరంతో ఇలా ఒక్కసారి వచ్చే ఫిట్స్‌కు రోజువారీ మందులు అవసరం లేదు, ఆ ఆసుపత్రి ఇవ్వనూ లేదు. ఈ సంగతిని మొదటే చెప్పడానికి కారణం ఉంది. ఇలాంటి కేసులు పూర్తిగా కల్పితంగా మొదలవుతాయని మనం అనుకుంటాం గానీ, చాలాసార్లు వాటి అడుగున ఒక చిన్న నిజమైన జబ్బు ఉంటుంది. ఆ తర్వాత తల్లి చెప్పిన ప్రతి మాటనూ నమ్మదగినదిగా నిలబెట్టింది ఆ ఒక్క ఫిట్సే.

తండ్రి ఉద్యోగరీత్యా ఏడాదిలో పది నెలలు వేరే దేశంలో ఉంటారు. తల్లి డిగ్రీ చదివారు, వైద్యరంగంతో సంబంధం లేదు. బాబుకు ఒక చెల్లెలు ఉంది. ఇంట్లో అత్తమామలు ఉన్నా, ఆసుపత్రి వ్యవహారాలన్నీ తల్లి ఒక్కరే చూసుకునేవారు. నా దగ్గరికి వచ్చేనాటికి 26 నెలల్లో ఏడు ఆసుపత్రులు తిరిగి, పదకొండుసార్లు బాబును అడ్మిట్ చేయించారు. ఐదు ఈఈజీలు (మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్ష), రెండు ఎంఆర్ఐలు, ఒకసారి వెన్నులోంచి నీరు తీసిన పరీక్ష అయ్యాయి. బాబు నాలుగు రకాల ఫిట్స్ మందులు వాడుతున్నాడు. ఎప్పుడూ మత్తుగా ఉండేవాడు. మాటలు వయసుకు తగ్గట్టు రాలేదు. అంగన్‌వాడీకి ఒక్కరోజు కూడా పంపలేదు.

సమస్యగా మా ముందుకు వచ్చినది

"వారానికి నాలుగైదుసార్లు వస్తోంది మేడమ్, నిద్రలోనే ఎక్కువ. కళ్లు పైకి తిప్పేస్తాడు, నోట్లో నురగ వస్తుంది" అని తల్లి చెప్పారు. ఆమె చెప్పే తీరు ఎంత స్పష్టంగా ఉండేదంటే, మా జూనియర్ డాక్టర్లు ఆ మాటలను యథాతథంగా కేస్ షీట్లో రాసుకునేవారు. వార్డులో ఆమె అందరికీ ఇష్టమైన తల్లి. పక్క మంచాల పిల్లలకు సెలైన్ ఎప్పుడు అయిపోతుందో కూడా ఆమెకు తెలిసేది. కొత్తగా వచ్చిన తల్లులకు ధైర్యం చెప్పేవారు.

మూర్ఛ వ్యాధి నిర్ధారణ ప్రధానంగా చూసినవాళ్లు చెప్పిన మాట మీదే ఆధారపడుతుంది. ఈఈజీ మామూలుగా ఉన్నంత మాత్రాన మూర్ఛ లేదని చెప్పలేం. అందువల్ల అనుమానించవలసిన కారణం మొదట్లో నాకు కనిపించలేదు. మందులకు లొంగని మూర్ఛ అనుకున్నాను. ఒక మందు మోతాదు పెంచాను, కీటోజెనిక్ ఆహారం (కొవ్వు ఎక్కువ, పిండి పదార్థాలు చాలా తక్కువ ఉండే ఆహారం) మొదలుపెట్టించాను. జన్యు, జీవక్రియ లోపాల కోసం అమ్మోనియా, లాక్టేట్, టాండెమ్ మాస్, మూత్రంలో ఆర్గానిక్ యాసిడ్ల పరీక్షలు పంపాను. అన్నీ మామూలుగానే వచ్చాయి. ఆ ఆహారంతో బాబు బరువు కిలోన్నర తగ్గాడు. ఈ పరీక్షలు చేయించడం తప్పని ఇప్పటికీ అనుకోను. పరీక్షలన్నీ మామూలుగా వచ్చాక కూడా మందులను తగ్గించకుండా పెంచడం మాత్రం నా తప్పు.

మొదటిసారి ఆగి ఆలోచించినది మా సీనియర్ స్టాఫ్ నర్సు మాట విన్నాక. "మేడమ్, ఈ బాబుకు ఫిట్స్ వచ్చినప్పుడు మాలో ఎవరం ఎప్పుడూ అక్కడ లేం. మేము వెళ్లేసరికి నిద్రపోతూ ఉంటాడు" అన్నారు. ఆ రాత్రి తల్లి తెచ్చిన పాలిథిన్ కవర్లోని పాత కాగితాలన్నీ పరిచి, కాగితం మీద ఐదు గడులు గీసుకున్నాను: తేదీ, చెప్పినది ఎవరు, చూసినది ఎవరు, పరీక్షలో కనిపించినది ఏమిటి, దాని ఆధారంగా చేసినది ఏమిటి. 43 సంఘటనలు నమోదై ఉన్నాయి. 'చూసినది ఎవరు' అన్న గడిలో మొదటి జ్వరపు ఫిట్స్ దగ్గర తప్ప అన్నిచోట్లా తల్లి పేరే ఉంది. ఒక ఆసుపత్రి సమ్మరీలో 'తల్లి చెప్పిన ప్రకారం' అని ఉన్న వాక్యం, తర్వాతి ఆసుపత్రి సమ్మరీకి వచ్చేసరికి 'మూర్ఛ వ్యాధి ఉన్న బాబు' అయిపోయింది. ఆ పై ఆసుపత్రిలో అది 'మందులకు లొంగని మూర్ఛ' అయింది. ఎవరూ అబద్ధం రాయలేదు. ఎవరూ మొదటి కాగితం దాకా వెళ్లలేదు, అంతే.

వీడియో ఈఈజీ

ఆ దశలో మూడు అవకాశాలు నా ముందున్నాయి. నిజంగానే అరుదైన మూర్ఛ కావచ్చు. నిద్రలో పిల్లలకు సహజంగా వచ్చే కదలికలను, భయపడిన తల్లి ఫిట్స్ అనుకుని ఉండవచ్చు. లేదా లేనిది ఉన్నట్టు చెబుతూ ఉండవచ్చు. రెండోదానికీ మూడోదానికీ మధ్య తేడాను తల్లి ముఖం చూసి కనిపెట్టగలమని కొందరు అనుకుంటారు. రిపోర్టు బాగుందంటే ఆమె నిరాశ పడినట్టు కనిపించిందని మా వాళ్లు కూడా అన్నారు. అది సాక్ష్యం కాదు. రెండేళ్లుగా సమాధానం దొరకని తల్లికి 'అంతా బాగుంది' అన్న మాట ఊరటనివ్వకపోవడం సహజం. కాబట్టి చెప్పినదానినీ, కనిపించినదానినీ పక్కపక్కన పెట్టి చూడగలిగే పరీక్షే కావాలి.

తల్లి అంగీకారంతో, కెమెరా ఎక్కడుందో చూపించి, 72 గంటల వీడియో ఈఈజీ చేశాం, అంటే బాబు వీడియోనూ ఈఈజీనీ ఒకేసారి రికార్డు చేశాం. అంతకు ముందే నెల రోజులపాటు క్రమంగా తగ్గిస్తూ, నాలుగు ఫిట్స్ మందుల్లో ఒకటైన కార్బమాజెపీన్‌ను పూర్తిగా ఆపేశాం. ఫిట్స్ వచ్చిందనిపిస్తే నొక్కమని ఇచ్చిన బటన్‌ను తల్లి తొమ్మిదిసార్లు నొక్కారు. తొమ్మిదిసార్లూ ఈఈజీ మామూలుగానే ఉంది. వాటిలో ఆరు నిద్రలో చిన్న కదలికలు. వాటిని పొరబాటు అనుకోవచ్చు. మిగిలిన మూడుసార్లు బాబు మెలకువగా ఉండి బొమ్మ కారుతో ఆడుకుంటున్నాడు. ఆ మూడింటి గురించి సాయంత్రం రౌండ్స్‌లో ఆమె చెప్పినది మాత్రం కళ్లు పైకి తిప్పాడనీ, నురగ వచ్చిందనీ, పది నిమిషాలు తెలివి లేకుండా ఉన్నాడనీ. ఇది పొరబాటు అనడానికి వీలు లేదు.

విఫలమైనవి

ఇక్కడే మేము మొదటి పెద్ద తప్పు చేశాం. ఇలాంటి సమయంలో ఏం చేయాలో నాకు నేర్పినవాళ్లు ఎవరూ లేరు. మా బృందంలోని ఒక యువ డాక్టరు కేస్ షీట్లో 'ముంచౌసెన్ బై ప్రాక్సీ కావచ్చు' అని రాశారు, అంటే బిడ్డకు లేని జబ్బును సంరక్షకులే కల్పించడం లేదా కలిగించడం. కేస్ షీట్ నర్సుల బల్ల మీద ఉంటుంది. తల్లికి ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ రాత్రే సంతకం పెట్టి, మా సలహాకు వ్యతిరేకంగా బాబును తీసుకుని వెళ్లిపోయారు. మర్నాడు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిక్స్ అండ్ చైల్డ్ హెల్త్ 2021లో విడుదల చేసిన మార్గదర్శకాన్ని అప్పుడు తీసి చదివాను. ముందే చదివి ఉండవలసింది. చెప్పే లక్షణాలకూ కనిపించే స్థితికీ పొంతన లేకపోయినా, బిడ్డకు తక్షణ ప్రమాదం ఉన్నట్టు ఆధారం లేని దశను అది 'పర్‌ప్లెక్సింగ్ ప్రెజెంటేషన్' (అంతుపట్టని లక్షణాలు) అంటుంది. ఆ దశలో దాపరికం అక్కర్లేదు. ఒక డాక్టరు బాధ్యత తీసుకుని, అన్నిచోట్ల నుంచీ సమాచారం సేకరించి, 'పరీక్షల్లో ఫిట్స్ కనిపించలేదు, కాబట్టి మందులు తగ్గిద్దాం, బాబును బడికి పంపుదాం' అని తల్లిదండ్రులిద్దరితోనూ బహిరంగంగా మాట్లాడాలి. ఆ మార్పును తల్లి ఒప్పుకుంటారా, అడ్డుకుంటారా అన్నదే తర్వాతి సమాచారం అవుతుంది. ఎవరైనా బిడ్డకు చేతులారా హాని చేస్తున్నారన్న అనుమానం వచ్చిన దశ పూర్తిగా వేరు. అప్పుడు వారికి ముందుగా చెప్పకుండా వెంటనే రక్షణ యంత్రాంగాన్ని పిలవాలి. మేము మొదటి దశలో బాహాటంగా మాట్లాడవలసిన చోట రహస్యంగా ముద్ర వేశాం. రెండో దశలో త్వరపడవలసిన చోట ఆలస్యం చేశాం.

ఆ ఆలస్యం ఇలా జరిగింది. మూడు వారాల తర్వాత మరో ఆసుపత్రి నుంచి ఒక డాక్టరు ఫోన్ చేశారు. బాబు తూలుతూ నడుస్తున్నాడనీ, కళ్లు అదురుతున్నాయనీ, మత్తుగా ఉన్నాడనీ చెప్పి, మా పాత సమ్మరీ చూసి చేస్తున్నానన్నారు. తల్లి చెప్పిన మందుల జాబితాలో కార్బమాజెపీన్ లేదు. లక్షణాలు మాత్రం అచ్చంగా ఆ మందు ఎక్కువైనప్పటివే. రక్తంలో దాని స్థాయి చూడమన్నాను. మిల్లీలీటరుకు 16 మైక్రోగ్రాములు వచ్చింది. చికిత్సకు సరిపడే స్థాయి 4 నుంచి 12. ఈ మందు ఆపిన నాలుగైదు రోజుల్లో రక్తంలోంచి దాదాపు పూర్తిగా పోతుంది. మేము ఆపి నెల కావస్తోంది.

అప్పుడు కూడా ఒక నిర్దోషమైన కారణం ఉండవచ్చని వాదించుకున్నాం. ఆపిన మందే మంచిదనుకుని భయంతో పాత స్ట్రిప్పుల్లోంచి మళ్లీ మొదలుపెట్టే తల్లిదండ్రులను ప్రతి నెలా చూస్తూనే ఉంటాం. బాబును మా వార్డుకు మార్పించుకుని, మందులన్నీ నర్సులే ఇచ్చేలా చేసి, గమనించాలని నిర్ణయించాం. మూడో రోజుకు స్థాయి 3కు దిగింది. బాబు చక్కగా నడిచాడు. ఐదో రోజు పొద్దున మళ్లీ తూలాడు. స్థాయి 11.

మందులు నర్సులు ఇస్తున్నారు గానీ అన్నం, పాలు తల్లే పెడుతున్నారు. మన వార్డులు నడిచేది తల్లుల మీద. మామూలుగా రాత్రి నర్సు బల్ల దగ్గర మాత్రలు తీసుకుని తల్లి చేతికిస్తే, మంచం దగ్గర ఆమె వేస్తుంది. తినిపించేది, తుడిచేది, పక్కన పడుకునేది అంతా ఆమే. నలభై మంచాలకు ఇద్దరు నర్సులున్నచోట ఇది తప్పదు కూడా. ఆ రోజు నిర్ధారణ దొరికింది గానీ, అది మా పైకప్పు కింద ఆ బాబుకు మరోసారి హాని జరిగాక దొరికింది. 16 అన్న అంకె కనిపించిన రోజే తల్లిని మంచానికి దూరంగా ఉంచి ఉంటే ఈ రెండో హాని జరిగేది కాదు.

రహస్య కెమెరా పెట్టవచ్చు కదా అని తర్వాత చాలామంది అడిగారు. ఇంగ్లండ్‌లో పిల్లల వైద్యుడు డేవిడ్ సౌథాల్ బృందం అలా చేసి, 39 మంది పిల్లలలో 33 మంది విషయంలో హింస బయటపడిందని 1997లో ప్రచురించింది. ఆ పద్ధతి మీద తీవ్రమైన వివాదం కూడా నడిచింది. మా కారణం సరళమైనది. చెడు జరుగుతుందేమో చూడడానికి బిడ్డను అక్కడే ఉంచడం, ఆపగలిగినవాళ్లు పక్కనే లేనప్పుడు, బిడ్డను ఎరగా వాడుకోవడమే అవుతుంది.

ఫలించినవి

అదే మధ్యాహ్నం మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయవలసిన కేసుగా) నమోదు చేశాం. పిల్లల వైద్యులు, మానసిక వైద్యుడు, సీనియర్ నర్సు, సోషల్ వర్కర్, అవతలి ఆసుపత్రి డాక్టరు ఫోన్లో, అందరం ఒక గంట కూర్చున్నాం. రోగి రహస్యాలు మరో ఆసుపత్రితో పంచుకోవచ్చా అని ఒకరు అడిగారు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి, ఒక నిర్దిష్ట వ్యక్తికి తీవ్రమైన ప్రమాదం ఉన్న సందర్భంలో సమాచారం వెల్లడించడానికి వీలు కల్పిస్తుంది. ఇక్కడ ఆ వ్యక్తి మా రోగే.

ఎవరికి చెప్పాలన్నది రెండో ప్రశ్న. పిల్లలపై హింస అనగానే మన డాక్టర్లకు పోక్సో చట్టం గుర్తొస్తుంది, అది లైంగిక నేరాలకు మాత్రమే. ఇక్కడ వర్తించేది 2015 జువెనైల్ జస్టిస్ చట్టం. సంరక్షణలో ఉన్న బిడ్డపై క్రూరత్వం 75వ సెక్షన్ కిందికి వస్తుంది. రక్షణ అవసరమైన బిడ్డను బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచగలిగినవారిలో డాక్టర్లు, నర్సులు, ఆసుపత్రి యాజమాన్యాలు ఉన్నారని 31వ సెక్షన్ పేరు పెట్టి చెబుతుంది. పిల్లల సహాయానికి ఉన్న ఫోన్ నంబరు 1098, అది 24 గంటలూ పనిచేస్తుంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగం అధికారి ఆ సాయంత్రమే వచ్చారు.

కమిటీ సభ్యులు మొదట నమ్మలేదు. రెండేళ్లు ఆసుపత్రుల్లో నిద్రలేకుండా గడిపిన తల్లి ఇలా చేస్తుందా అన్నారు. సిండ్రోమ్ పేర్లు చెప్పి వాదించి ఉంటే మేము ఓడిపోయేవాళ్లం. ఐదు గడుల కాగితాన్ని తెలుగులో ఒక్క పేజీకి కుదించి ముందు పెట్టాం: ఏ తేదీన ఏ మందు ఆపాం, ఏ తేదీన రక్తంలో ఎంత ఉంది, ఆ మధ్యలో ఎవరెవరు బాబు దగ్గర ఉన్నారు. తల్లి మనసులో ఏముందో మాకు తెలియదనీ, అది మేము తేల్చవలసిన విషయం కాదనీ స్పష్టంగా చెప్పాం. ఈ మాట వెనుక ఒక ముఖ్యమైన తేడా ఉంది. 1977లో బ్రిటన్ పిల్లల వైద్యుడు రాయ్ మెడో లాన్సెట్ వైద్య పత్రికలో ఇద్దరు పిల్లల కథ రాసి ముంచౌసెన్ సిండ్రోమ్ బై ప్రాక్సీ అన్న పేరు పెట్టినప్పటి నుంచి, చూపు తల్లి వైపే తిరిగింది. 2013లో వచ్చిన, అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5లోని పేరు కూడా సంరక్షకుల మానసిక నిర్ధారణే, అది మానసిక వైద్యులు చేయవలసినది. అదే ఏడాది అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఇచ్చిన నివేదిక మాత్రం దీనిని బిడ్డపై జరిగే హింసగా చూడమంటుంది: బిడ్డకు అనవసరమైన, హానికరమైన వైద్యం జరిగిందా, ఎవరి ప్రోద్బలంతో జరిగింది, ఎలా ఆపాలి. పిల్లల వైద్యుల పని ఈ మూడు ప్రశ్నలతో ముగుస్తుంది.

నిర్ధారణ విషయంలో గర్వపడకూడదని గుర్తుచేసే ఉదంతాలు కూడా ఉన్నాయి. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో 1989లో పసిబిడ్డకు విషం పెట్టిందని ఒక తల్లిని అరెస్టు చేశారు, తర్వాత శిక్ష కూడా పడింది. నిర్బంధంలో ఉండగా ఆమెకు పుట్టిన రెండో బిడ్డకు మిథైల్ మలోనిక్ ఎసిడీమియా అనే వారసత్వ జీవక్రియ జబ్బు ఉన్నట్టు తేలింది. మొదటి బిడ్డ చనిపోయింది కూడా ఆ జబ్బుతోనేనని, ప్రయోగశాల పొరబాటు పడిందని బయటపడి, 1991లో ఆమెను విడిచిపెట్టారు. ఈ కారణంగానే బాబు రక్తపు నమూనాను రెండో ల్యాబ్‌కు వేరే పద్ధతిలో పరీక్షించడానికి పంపాం. అదే జవాబు వచ్చింది.

తల్లితో మాట్లాడినది కమిటీ ఉత్తర్వు చేతికొచ్చి, నాయనమ్మ బాబు పక్కన కూర్చున్నాకే. నేనూ, మానసిక వైద్యుడూ, సోషల్ వర్కరూ ఉన్నాం. "అమ్మా, బాబు రక్తంలో మేము ఇవ్వని మందు కనిపించింది. ఎలా వచ్చిందో తేలేదాకా బాబు దగ్గర నాయనమ్మ ఉంటుంది. మీతో మాట్లాడడానికి డాక్టరుగారు ఉన్నారు" అన్నాను. ఒప్పుకోమని అడగలేదు, అడగడం మా పని కాదు. "రెండేళ్లు కంటి మీద కునుకు లేకుండా చూసుకున్నాను కదా మేడమ్" అన్నారు ఆమె. ఆ మాట నిజం. అందుకే ఆ రాత్రి ఆమెను ఒంటరిగా ఇంటికి పంపలేదు. ఇలాంటి సమయంలో ఆత్మహత్య ప్రమాదం ఉంటుందని మానసిక వైద్యుడు ముందే హెచ్చరించారు. ఆమె అక్క వచ్చి తోడుగా తీసుకెళ్లారు.

నాయనమ్మ మాటలను కూడా అలాగే పరీక్షించాం. కోడలి మీద ఉన్న పాత కోపాలన్నీ ఆ వారంలో మా ముందుకు వచ్చాయి. బిడ్డను కాపాడే ఉత్తర్వు, ఒక స్త్రీని ఇంట్లోంచి గెంటేసే ఆయుధంగా మారడం మన కుటుంబాల్లో ఎంత సులువో నాకు తెలుసు. అందువల్ల కాగితాల్లో ఆధారం దొరకని ఏ ఆరోపణనూ నివేదికలో చేర్చలేదు. తండ్రి పది రోజుల్లో వచ్చారు. వీడియో ఈఈజీ రికార్డింగు చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తల్లి నుంచి దూరంగా ఉన్న మొదటి మూడు వారాల్లో ఒక్క సంఘటన కూడా జరగలేదు. మిగిలిన మూడు మందులను ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగు నెలల్లో తగ్గించి ఆపాం. చెల్లెలిని పూర్తిగా పరీక్షించాం, ఆరోగ్యంగా ఉంది.

సహాయం వెతుక్కునేవారికి

ఈ కేసు నడిచినన్నాళ్లూ నాకు బాగా తెలిసొచ్చింది ఒంటరితనం. మన దగ్గర దీనికి నిపుణులు లేరనుకుని ఆగిపోనవసరం లేదు. పైన చెప్పిన బ్రిటన్, అమెరికా పత్రాలతో పాటు, అమెరికాలో పిల్లలపై హింస మీద పనిచేసే నిపుణుల సంస్థ ఆప్సాక్ 2017లో ఇచ్చిన మార్గదర్శకం పాత రికార్డులను ఎలా క్రోడీకరించాలో వివరంగా నేర్పుతుంది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్‌లో పిల్లలపై హింస, నిర్లక్ష్యం మీద పనిచేసే విభాగం ఉంది. బెంగళూరు నిమ్హాన్స్ పిల్లల మానసిక వైద్య విభాగం, హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ సంరక్షకుల అంచనాకు తలుపు తట్టదగిన చోట్లు. మానసికంగా కుంగిపోతున్న సంరక్షకులకు టెలీ మానస్ నంబరు 14416. మా ఆసుపత్రిలో ఇప్పుడు ఇలాంటి అనుమానాలను బల్ల మీది కేస్ షీట్లో కాకుండా, బాధ్యుడైన ఒక్క డాక్టరు దగ్గర తాళం వేసిన ఫైల్లో రాస్తున్నాం. సమ్మరీల్లో 'తల్లి చెప్పినది', 'సిబ్బంది చూసినది' అని రెండు వేర్వేరు పేరాలు రాయమని జూనియర్లకు చెబుతున్నాను.

ఇప్పటి పరిస్థితి

ఏడాది దాటింది. తల్లి మానసిక చికిత్సలో ఉన్నారు, పదిహేను రోజులకోసారి కమిటీ నియమించిన వ్యక్తి సమక్షంలో పిల్లలిద్దరినీ చూస్తున్నారు. కేసు ఇంకా నడుస్తోంది. బాబు బరువు పెరిగాడు, బడికి వెళుతున్నాడు, వాక్యాలు మాట్లాడుతున్నాడు. కానీ తాను జబ్బు మనిషినన్న నమ్మకం ఇంకా పోలేదు. ఆటస్థలంలో పిల్లలు పరుగెత్తుతుంటే పక్కన కూర్చుంటాడట, నాకు ఫిట్స్ వస్తుంది అంటాడట. పోయిన నెల చెకప్‌కు వచ్చినప్పుడు తానే చొక్కా పైకెత్తి, చెయ్యి చాచి, సూది ఎక్కడ పొడవాలో నాకు చూపించాడు. ఆ రోజు సూది అవసరం లేదు. కౌన్సిలర్‌తో వారానికొకసారి ఆట చికిత్స కొనసాగిస్తున్నాం.